బుట్టలో కొత్త చేప, సముద్రంలో పాత చేప

రక్తపింజరకు ఇంగ్లిషులో రస్సెల్స్ వైపర్ అని పేరు. ఆ రస్సెల్ 1780ల్లో విశాఖపట్నంలో ఉన్నాడు. స్కాట్లండ్ వైద్యుడు, ఈస్టిండియా కంపెనీ కొలువు. పాముల మనిషిగానే గుర్తుండిపోయాడు కానీ, ఆయన చేసిన ఇంకో పని నాకు ఎక్కువ ఇష్టం. జాలర్లు తెచ్చిన చేపలకు బొమ్మలు వేయించి, వాళ్లు ఏ పేరుతో పిలిస్తే ఆ పేరే పక్కన రాసుకున్నాడు. 1803లో అది రెండు వందల చేపల పుస్తకంగా వచ్చింది. తరవాత ఫ్రాన్సులో కువియే అనే శాస్త్రవేత్త ఆ బొమ్మలు చూసి, మన కానాగంతకు (ఇంగ్లిషులో మాకెరల్) పెట్టిన శాస్త్రీయ నామంలో ‘కనగుర్త’ అనే మాటనే ఉంచేశాడు. సావళ్లలో (రిబ్బన్ ఫిష్) ఒక రకానికి శాస్త్రీయ నామం ‘సవాలా’ అయింది. ఎర్ర సముద్రం నుంచి ఇండోనేషియా దాకా కానాగంత గురించి ఎవరు పరిశోధన పత్రం రాసినా, విశాఖ ఇసుక మీద పుట్టిన మాట రాయక తప్పదు.

ఆ బొమ్మల్లోని చేపలు చాలావరకు ఇప్పటికీ ఫిషింగ్ హార్బర్‌లో కనిపిస్తాయి. మారినదల్లా ఏది ఎంత అన్నది. ఒకప్పుడు బుట్ట అడుగున ఉన్నది ఇప్పుడు పైకొచ్చింది, పైనున్నది మాయమైంది. ‘సముద్రం వేడెక్కింది, చేపలు వలస పోయాయి’ అని పత్రికలు ఒక్క ముక్కలో తేల్చేస్తాయి. అంత తేలిక కాదని చెప్పడానికే ఈ వ్యాసం.

నూనె కవళ్ల సంగతే చూడండి. కేరళవాళ్లు మత్తి అనీ చాళ అనీ పిలుచుకునే ఈ చేప 1980ల దాకా ప్రధానంగా కేరళ, కర్ణాటక తీరాలది. కారణం అక్కడి గాలి. నైరుతి రుతుపవనాల కాలంలో ఆ గాలులకు తీరం దగ్గరి పైనీరు సముద్రంలోకి జరుగుతుంది. దాని చోటులోకి అడుగు నుంచి చల్లని నీరు లేస్తుంది. ఆ నీటిలో ఎరువు లాంటి లవణాలు ఉంటాయి. కంటికి కనిపించని నాచు జాతి ప్లవకాలు విపరీతంగా పెరుగుతాయి, వాటిని మేసి కవళ్లు బలుస్తాయి. మన బంగాళాఖాతంలో పద్ధతి వేరు. గంగ, మహానది, గోదావరి, కృష్ణ తెచ్చి పోసే మంచినీరు ఉప్పునీటి మీద తేలికపాటి పొరలా పరుచుకుంటుంది. మూత పెట్టిన కుండలా ఉంటుంది సముద్రం. అడుగున ఉన్న బలం అంత సులువుగా పైకి రాదు. అందుకే పశ్చిమ తీరం స్థాయిలో ఇక్కడ కవళ్లు దొరుకుతాయని ఎవరూ అనుకోలేదు.

అయినా 1980ల మధ్య నుంచి తమిళనాడులో, ఆ తరవాత మన తీరంలో నూనె కవళ్లు లెక్కలోకి వచ్చేంతగా పడటం మొదలైంది. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు దీన్ని పైనీటి వేడితో ముడిపెట్టారు. ఇదే చేప పశ్చిమ తీరంలో ఉత్తరం వైపు గుజరాత్ దాకా పాకడం కూడా ఆ వాదనకు బలమిచ్చింది. నాకు అందులో అబద్ధం కనిపించదు. కానీ అదే పూర్తి కథ అంటే మాత్రం ఒప్పుకోలేను. ఎందుకంటే ఇదే కాలంలో వలలు కూడా మారాయి. కవళ్లు, కానాగంతలు గుంపుగా తిరిగే చేపలు. గుంపును చుట్టేసి అడుగు బిగించి లాగే రింగు వల ఉంటే టన్నులు పడతాయి. పాత వలకు అదే గుంపులో కొంతే చిక్కుతుంది. అప్పుడు చేప వచ్చిందా, వల వచ్చిందా? ఆ వల మీద మత్స్యకారుల మధ్యే పేచీ ముదిరి, 2022 జనవరిలో విశాఖలో పడవలు తగలబెట్టుకునేదాకా వెళ్లింది.

కానాగంతల లెక్క ఇంకా తికమక పెడుతుంది. ఇది పైనీటి చేప. 1985–89 మధ్య దేశంలో పడిన కానాగంతల్లో అడుగున ఈడ్చే ట్రాలు వలలకు చిక్కినవి 2 శాతమే. 2003–07 నాటికి అది 15 శాతమైంది. పైన వేడి భరించలేక చేప లోతుకు దిగిందని ఒక వివరణ. వినడానికి బాగానే ఉంది. కానీ ఆ ఇరవై ఏళ్లలో ట్రాలు బోట్ల ఇంజన్లు పెరిగాయి, వేగం పెరిగింది, వల నోరు ఎత్తుగా తెరుచుకునేలా మారింది. అడుగు వల పైకి లేచిందా, పై చేప కిందికి దిగిందా అన్నది ఆ శాతం ఒక్కటే చూసి చెప్పలేం.

వేడి, వల అయ్యాయి. ఇక మూడోది ధర. సావళ్లు వెండి రిబ్బనులా తళతళలాడతాయి. ఒకప్పుడు ఇవి ఉప్పు చల్లి ఇసుక మీద ఎండేసే పేదవాడి చేప. చైనా కొనడం మొదలుపెట్టాక అదే చేప ఐసులో పడి కోల్డ్ స్టోరేజీకి పోతోంది. స్క్విడ్, కటిల్‌ఫిష్ కూడా రొయ్యల వలలో అదనంగా పడి, విలువలేక సముద్రంలోకే తిరిగి పోయినవే. కొనేవాడు దొరికాక లెక్కల్లోకి ఎక్కాయి. జెల్లీ చేపను ముట్టుకుంటే దురద అని వల దులిపి పారేసేవాళ్లు. ఇప్పుడు తూర్పు తీరంలో దాన్ని ఉప్పు, పటిక పట్టించి ఎగుమతి చేసేవాళ్లున్నారు. ఇవేవీ సముద్రంలో కొత్తగా పుట్టలేదు.

ఇక్కడ బోటు మీది లెక్క ఒకటి తెలియాలి. రోజుల తరబడి సముద్రంలో ఉండే బోటులో ఐసు పెట్టెలో చోటు కొంతే. మొదటి రోజుల్లో పడిన చౌక చేపను సరంగు, అంటే బోటు నడిపేవాడు, దాచడు, రొయ్యకూ వంజరానికీ చోటు ఉంచుకుంటాడు. ఒడ్డుకొచ్చే ముందు చివరి రోజుల్లో పడినవే పెట్టె నింపడానికి తెస్తాడు. కాబట్టి జెట్టీ మీద కనబడే చేప పట్టిన చేపలో ఒక వంతు మాత్రమే. ఎంత వంతు అన్నది ఆ వారం వేలం పాట మీద ఆధారపడి ఉంటుంది. చేప ధర పెరిగితే, ఒక్క చేప కూడా అదనంగా పుట్టకుండానే ‘దిగుబడి పెరిగింది’.

అలాగని అంతా లెక్కల మాయే అనుకోవడమూ తప్పే. కేరళలో 2012లో 3.9 లక్షల టన్నుల నూనె కవళ్లు పడ్డాయి. 2021లో 3,297 టన్నులు. వంద పాళ్లలో ఒక పాలు కూడా మిగల్లేదు. వలలు అవే, పడవలు అవే, ధర అయితే మండిపోయింది, పట్టగలిగితే పట్టేవాళ్లే. ఇది నిజంగా సముద్రంలో జరిగిన మార్పు. ఆశ్చర్యం ఏమిటంటే, 2023 నాటికి అది మళ్లీ లక్ష టన్నులు దాటింది. ఈ చేప బతికేది రెండు మూడేళ్లే. పుట్టిన ఏడాది మేత కుదరకపోతే కూలుతుంది, రెండు మంచి వానాకాలాలు వస్తే లేస్తుంది. కవళ్లు ‘పోయాయి’ అన్నవాళ్లూ ‘వచ్చేశాయి’ అన్నవాళ్లూ ఇద్దరూ తొందరపడ్డవాళ్లే. (మా ఇంట్లో మాత్రం ముళ్లు ఎక్కువని ఎప్పుడూ తినరు. నష్టం వాళ్లదే.)

ఈ మూడింటినీ, అంటే చేపనూ వలనూ ధరనూ విడదీయాలంటే వల మీద ఆధారపడని సాక్ష్యం కావాలి. అలాంటిది ఒకటి చేప కడుపులోనే ఉంది. తమిళులు సంకర అనే ఎర్ర చేప, తోక చివర దారం వేలాడేది, చెన్నై హోటళ్లలో వేపుడుగా దొరుకుతుంది. పరిశోధకులు చెన్నై తీరంలో ఏళ్ల తరబడి దీని పొట్ట కోసి గుడ్లు చూశారు. గుడ్లతో నిండిన చేపలు ఏప్రిల్–సెప్టెంబర్ వేడి నెలల్లో తగ్గిపోతూ, అక్టోబర్–మార్చి చల్లని నెలల్లో పెరుగుతూ వచ్చాయి. దీనికి వల మారితేనేం, ధర పెరిగితేనేం? గుడ్లు ఎప్పుడు పెట్టాలో చేపకు చెప్పింది నీటి వేడే.

మన తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. చేపలు గుడ్లు పెట్టే కాలమని పెట్టిన గడువు అది. చాలా చేపలకు ఇంకా పనికొస్తుంది. సంకర మాత్రం గుడ్లతో ఉన్న డిసెంబర్, జనవరిల్లో బోట్లన్నీ వేటలోనే ఉంటాయి.