సీతంపేట కొండల్లోకి వచ్చేముందు: అపోహలు - వాస్తవాలు

2022 ఏప్రిల్‌లో సీతంపేట శ్రీకాకుళం జిల్లా నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి మారింది. శ్రీకాకుళం వాళ్లు రావాల్సిన దారి మాత్రం మారలేదు, పాలకొండ మీదుగానే. మారనివి ఇంకొన్ని ఉన్నాయి, సందర్శకుల నమ్మకాలు.

అపోహ: కొండ ఊరు కదా, వేసవిలో చల్లగా ఉంటుంది.

అరకు అనుకుని వస్తే ఏప్రిల్‌లో మాడిపోతారు. ఇవి అంత ఎత్తు కొండలు కావు. వేసవిలో మెట్టుగూడ జలపాతమూ సన్నబడిపోతుంది. వానలు తగ్గుముఖం పట్టాక, అక్టోబరు నుంచి జనవరి దాకా రండి. ఆడలి వ్యూపాయింట్‌లో మంచు చూడాలంటే తెల్లారేసరికి పైన ఉండాలి.

అపోహ: ఇక్కడ వాన లేదు కాబట్టి గెడ్డలో (కొండవాగులో) దిగొచ్చు.

గెడ్డకి నీళ్లొచ్చేది పైకొండల నుంచి. అక్కడ కురిస్తే మీ నెత్తిన ఎండ కాస్తున్నా నీరు పెరుగుతుంది. నీటి రంగు ఎర్రబడినా, ఎండుటాకులూ పుల్లలూ ఒక్కసారిగా కొట్టుకొచ్చినా, హోరు పెరిగినా వెంటనే గట్టెక్కాలి. బ్యాగు కోసం వెనక్కి వెళ్లొద్దు. అవతలి గట్టున చిక్కుకుంటే ఎత్తు చూసుకుని కూర్చోండి, దాటబోవద్దు. మోకాలి లోతు నీరైనా జోరుంటే మనిషిని పడగొడుతుంది.

అపోహ: ఏ ఏజెన్సీ ఊళ్లోనైనా బొంగు చికెన్ అడగ్గానే పెడతారు.

ఆ వంటకి పేరొచ్చింది అరకు, మారేడుమిల్లి వైపు. ఇక్కడ ఇళ్లల్లో తినేది చోడి (రాగి) అంబలి, సామ అన్నం, కందిపప్పు. బొంగు చికెన్ కావాలంటే ముందురోజే చెప్పాలి, ఎందుకంటే అప్పుడే కొట్టిన పచ్చి బొంగు కావాలి. ఎండు బొంగయితే మాంసం ఉడికేలోపే అంటుకుంటుంది. అడుగున కణుపు ఉంచి, పైకొస తెరిచి కొడతారు. ఉప్పు, కారం, పసుపు, అల్లంవెల్లుల్లి పట్టించిన ముక్కల్ని ముప్పావు వంతే నింపి, మూతికి ఆకులు బిగిస్తారు. నిండా కుక్కితే నడుమ ముక్క పచ్చిగా మిగులుతుంది. ఒకే వైపు కాలకుండా తిప్పుతూ ముప్పావు గంట దాకా నిప్పుల మీద ఉంచాలి. నూనె అక్కర్లేదు, బొంగులో తేమ, కోడి కొవ్వు సరిపోతాయి. తొందరపెట్టి మంట పెంచమనేవాళ్లకే పైన మాడి లోపల పచ్చిగా ఉన్న ముక్క దొరుకుతుంది!

అపోహ: ఇక్కడి సవర గిరిజనుల గోడబొమ్మలు ఇంటి అలంకారం.

ఎర్రమట్టి అలికిన గోడమీద బియ్యప్పిండి నీళ్లతో, పుల్లని కుంచె చేసుకుని వేస్తారు. చనిపోయిన పెద్దల పేరున, రోగం తగ్గాలని, పంట బాగుండాలని వేసే బొమ్మలవి. ముట్టుకోవద్దు. ఇంటివాళ్లని అడక్కుండా ఫొటో తీయొద్దు, ఆనుకుని నిలబడి సెల్ఫీ అసలే వద్దు.

కొత్త కందులు తినే ముందు చేసే కందికొత్తల పండగ తేదీ నెట్‌లో వెతికి రావడం మరో పొరపాటు. ఊరూరికీ తేదీ వేరు, పెద్దలు కూర్చుని ఖాయం చేస్తారు. పండగ కాకముందు కొత్త కందులు పెట్టమని అడిగి ఇబ్బంది పెట్టకండి.

అపోహ: ఎకరం లీజుకి తీసుకుని రిసార్టు కట్టొచ్చు.

షెడ్యూల్డ్ గ్రామాల్లో, అంటే గిరిజన ప్రాంతంగా ప్రభుత్వం ప్రకటించిన ఊళ్లలో కుదరదు. 1/70గా పిలిచే చట్టం ప్రకారం గిరిజనేతరులు భూమి కొనడమే కాదు, లీజుకి తీసుకోవడమూ చెల్లదు. స్టాంపు కాగితం మీద రాసిచ్చారని డబ్బు కట్టేస్తే ఆ డబ్బు పోయినట్టే. ఈ ప్రాంతంలో షెడ్యూల్డ్ కాని గిరిజన గ్రామాలూ ఉన్నాయి, కాబట్టి ఊరు ఏ కోవలోదో ముందు రెవెన్యూ రికార్డుల్లో చూసుకోండి.

అపోహ: రెండు రోజులకే మలేరియా ఏం వస్తుంది?

ఒక్క రాత్రి చాలు. మలేరియా దోమ కుట్టేది పొద్దుగూకినప్పటి నుంచి తెల్లారేదాకా, కాబట్టి నిండుచేతుల చొక్కా, దోమతెర తప్పనిసరి. జ్వరం వారం తర్వాత రావచ్చు, నెల తర్వాతా రావచ్చు. ఫాల్సిపారం రకమైతే మెదడుకెక్కి ప్రాణం మీదికి తెస్తుంది. ఇంటికెళ్లాక చలిజ్వరం వస్తే పారాసిటమాల్‌తో సరిపెట్టుకోకుండా, ఏజెన్సీకి వెళ్లొచ్చామని డాక్టరుకి చెప్పి అదేరోజు రక్తపరీక్ష చేయించుకోండి.