కత్తి మీదికి నెట్టకండి: గేమ్ విలన్ల గురించి అపోహలు - వాస్తవాలు

నేను మాదాపూర్‌లో ఒక చిన్న స్టూడియోలో స్ట్రాటజీ గేమ్‌లకు కథలూ మిషన్లూ రాస్తాను. ఈ సంగతి తెలిస్తే చాలు, ఎదుటివాళ్లు అడిగే మొదటి ప్రశ్న "అన్నా, ఇంతకీ ఆర్థస్ మంచోడా, చెడ్డోడా?" పెళ్లి భోజనాల దగ్గర అడిగారు, రాయదుర్గం మెట్రోలో నిలబడి ఉంటే అడిగారు. ఇంటర్వ్యూకి వచ్చే పిల్లలైతే నేను నోరు తెరవకముందే వాదన మొదలుపెడతారు. ఆర్థస్ అంటే వార్‌క్రాఫ్ట్ 3 అనే స్ట్రాటజీ గేమ్‌లో హీరోగా మొదలై విలన్‌గా మారే రాజకుమారుడు. ఆ గేమ్ వచ్చింది 2002లో, ఇప్పుడు దాని గురించి కొట్టుకునేవాళ్లలో చాలామంది అప్పటికి పుట్టి కూడా ఉండరు. కొట్టుకోండి, నాకూ సరదానే. కానీ ఆ వాదనల్లోంచి ఒక తప్పు అభిప్రాయం నేరుగా వాళ్లు రాసే కథల్లోకి దిగుతోంది, దానివల్ల రావాల్సిన ఉద్యోగాలు చేజారిపోతున్నాయి కాబట్టి ఈ పోస్టు.

అపోహ: ఫ్రాస్ట్‌మోర్న్ అనే మాయ కత్తి పట్టుకునేదాకా ఆర్థస్ మంచోడే, చెడగొట్టింది కత్తే

కాదు. క్యాంపెయిన్, అంటే కథగా సాగే మిషన్లు, ఇంకోసారి ఆడండి, ఈసారి మధ్యలో వచ్చే కట్‌సీన్ వీడియోలు స్కిప్ చేయకుండా.

కత్తి దొరికే మిషన్ కంటే ముందు ఏం జరిగిందో వరసగా చూద్దాం. ఆండర్‌హాల్ నుంచి వెళ్లిన ధాన్యంలో ప్లేగు ఉంది, తిన్నవాళ్లు చచ్చి లేచి శవసైన్యంలో కలుస్తున్నారు. ఆ ధాన్యం స్ట్రాత్‌హోమ్‌కి చేరిపోయింది, జనం తినేశారు. అప్పుడు ఆర్థస్ ఊరు మొత్తాన్నీ చంపేయమంటాడు. గురువు ఉథర్ ఒప్పుకోకపోతే రాజద్రోహమంటాడు, తోడొచ్చిన మంత్రగత్తె జైనా వెళ్లిపోతుంది. సరే, ఇక్కడిదాకా వాదనకు చోటుంది, వేరే దారేముందని మీరు అడగొచ్చు, నేనూ వింటాను. మరి ఈ ప్లేగు వెనకున్న రాక్షసుడు మాల్‌గానిస్‌ని వెంటాడుతూ వెళ్లిన మంచు ఖండం నార్త్‌రెండ్ సంగతేంటి? వెనక్కి రమ్మని రాజు కబురు పంపాడు, సైనికులు మూటాముల్లె సర్దుకున్నారు. వాళ్లు ఇంటికి పోకుండా ఆర్థస్ కిరాయి మూకతో సొంత ఓడల్నే తగలబెట్టించి, ఆ నేరం ఆ కిరాయి వాళ్ల మీదికే తోసి, తన మనుషుల చేతే వాళ్లను చంపించాడు. అప్పటికి వాడి చేతిలో ఏ మాయ కత్తీ లేదు, మామూలు పాలడిన్ (ధర్మయోధుడి) సుత్తే ఉంది. ఆ తర్వాత కత్తి దగ్గర రాసి ఉన్నది హెచ్చరిక అని వెంట ఉన్న మరుగుజ్జు మిత్రుడు మురాడిన్ చదివి మరీ చెప్తాడు. నా దేశం కోసం ఏ శాపమైనా భరిస్తానంటాడు వీడు. మంచు పగిలి ముక్క తగిలి మురాడిన్ పడిపోతే, అక్కడే వదిలేసి కత్తి తీసుకుని నడిచాడు.

కత్తి వాడి ఆత్మను లాగేసుకుంది, నిజమే. దాని దాకా నడిచి వెళ్లింది మాత్రం వాడే.

ఇందులో నష్టం ఏంటంటారా? మొన్నామధ్య కూకట్‌పల్లి హాస్టల్లో ఉండే ఒక అబ్బాయి ఇంటర్వ్యూకి లావుపాటి ఫైలు పట్టుకొచ్చాడు. విలన్‌కి మూడు తరాల వంశవృక్షం, రెండు ఖండాల మ్యాపు, చిన్నప్పుడు తల్లి చనిపోయిన ఫ్లాష్‌బ్యాకు, చివర్లో ఒక శాపగ్రస్తమైన కిరీటం. కిరీటం పెట్టుకోగానే విలన్ అయిపోతాడు. తెలుగు బాగా రాశాడు, మ్యాపు అయితే నిజంగా ముచ్చటేసింది. "బాబూ, రెండో మిషన్‌లో ప్లేయర్ ఏం చేస్తాడు?" అన్నాను. తలెత్తలేదు. ఏళ్ల తరబడి రాసుకున్న దాంట్లో ఆడేవాడు చేయాల్సిన పని ఒక్కటీ లేదు. ఇలాంటి ఫైళ్లు నా దగ్గరికి వస్తూనే ఉంటాయి, ప్రతిదాంట్లో ఒక కిరీటమో ఉంగరమో కత్తో ఉంటుంది. తప్పంతా ఆ వస్తువు మీద పెట్టేస్తే ఇక విలన్ నిర్ణయాలు రాసే శ్రమే ఉండదు కదా. నిర్ణయాలు లేకపోతే మిషన్లు ఎక్కడివి?

స్ట్రాత్‌హోమ్ మిషన్‌లో ఆబ్జెక్టివ్, అంటే గెలవడానికి చేయాల్సిన పని, ఏంటో గుర్తుందా? మాల్‌గానిస్ 100 మందిని తన వైపు తిప్పుకునేలోపు నువ్వు 100 మందిని చంపాలి. తెర మీద రెండు లెక్కలు పక్కపక్కన పెరుగుతుంటాయి. ఒక్కో ఇల్లూ కూలగొడుతుంటే అందులోంచి మనుషులు వస్తారు, వాళ్లు శవాలుగా మారతారు, నువ్వు క్లిక్ చేస్తావు. కాసేపటికి ఊరు, జనం, పాపం, పుణ్యం అన్నీ మర్చిపోయి అరే మాల్‌గానిస్ ముందుకెళ్లిపోతున్నాడే అని టెన్షన్ పడుతుంటావు. ఆర్థస్ బుర్రలో సరిగ్గా అప్పుడు నడిచేది అదే! ఊరిని కాపాడాలన్న మాట పోయి మాల్‌గానిస్‌ని ఓడించాలన్న పంతం మిగిలింది. దాన్ని ఏ డైలాగూ చెప్పలేదు, లెక్క చెప్పింది. తిలాపాపం తలా పిడికెడు అంటారు చూడండి, ఆ పిడికెడు ప్లేయర్ చేతిలో పెట్టాడు ఆ మిషన్ రాసినవాడు. స్ట్రాటజీ గేమ్‌లో విలన్ మోటివ్ ఉండాల్సిన చోటు ఆబ్జెక్టివ్. లోర్ (గేమ్ లోకపు చరిత్ర) పుస్తకంలో ఎన్ని పేజీలైనా రాసుకోండి, ఆడేవాడి చేతికి తగలకపోతే అది మీ డైరీ.

అపోహ: మోటివ్ అర్థమైందంటే విలన్ కరెక్టే

ఇది మన ఊళ్లో అర్ధరాత్రి ఇరానీ చాయ్ దగ్గర రోజూ నడిచే వాదన. మయసభలో జారి పడితే నవ్వారని దుర్యోధనుడికి ఎంత కాలిందో మన పద్యనాటకాలు చూసినవాళ్లందరికీ తెలుసు, ఆ పద్యాలకు వన్స్‌మోర్‌లు కొట్టిన జనమే ద్రౌపదిని సభకు ఈడ్చినప్పుడు తిట్టుకున్నారు. మనవాళ్లకు ఈ తేడా ఎప్పుడో తెలుసు. గేమ్ దగ్గరికొచ్చేసరికి ఎందుకు మర్చిపోతారో నాకు అర్థం కాదు.

అపోహ: లిచ్ కింగ్ లీజియన్ చేతిలో కీలుబొమ్మ

లిచ్ కింగ్ అంటే శవసైన్యానికి రాజు, లీజియన్ అంటే రాక్షసుల సైన్యం. లీజియన్ నాయకుడు కిల్‌జేడెన్ నెర్‌జూల్ అనేవాణ్ని లిచ్ కింగ్‌గా తయారుచేసిన మాట నిజం, కాపలాకి మాల్‌గానిస్, టికాండ్రియస్ లాంటివాళ్లను పెట్టిన మాటా నిజం. ఇప్పుడు ఆ కాపలావాళ్లు ఏమయ్యారో చూడండి. కత్తి దొరికాక లిచ్ కింగ్ మాట వింటున్న ఆర్థస్ మొదట చంపింది మాల్‌గానిస్‌నే, చచ్చేముందు వాడి మొహంలో ఆ ఆశ్చర్యం చూడాలి. తర్వాత ఇదే ఆర్థస్ వెళ్లి ఇల్లిడాన్ అనే ఇంకో యోధుడికి గుల్‌డాన్ అనే చచ్చిన మాంత్రికుడి శక్తివంతమైన పుర్రె సంగతి చెవిలో వేస్తాడు, ఆ శక్తితో ఇల్లిడాన్ టికాండ్రియస్‌ని చంపుతాడు. ఈ ఇద్దరు కాపలావాళ్లూ పోయారు. కీలుబొమ్మ ఇంత పని చేస్తుందా? నన్నడిగితే ఆ గేమ్ మొత్తంలో అందరికంటే తెలివైన మోటివ్ లీజియన్ పట్టు వదిలించుకోవాలన్న లిచ్ కింగ్‌దే, ఎందుకంటే దీన్ని ఎవరూ నోరు తెరిచి వివరించరు, మిషన్ తర్వాత మిషన్‌లో శవాలను లెక్కపెట్టుకుంటూ మనమే పట్టుకోవాలి.

అపోహ: స్ట్రాత్‌హోమ్ జనాన్ని కాపాడే సీక్రెట్ ఎండింగ్ ఉంది

లేదు. మాల్‌గానిస్ లెక్క 100కి చేరితే నువ్వు ఓడిపోతావు, అంతే. ఎవడో యూట్యూబ్‌లో థంబ్‌నెయిల్ పెట్టాడని నన్ను పీక్కుతినకండి. నిప్పు లేనిదే పొగ రాదంటారు గానీ యూట్యూబ్‌లో ముందు పొగే వస్తుంది. చీట్ కోడ్‌తో మిషన్ దాటేయడం ఎండింగ్ కాదు బాబూ.

అపోహ: విలన్ వైపు ఆడితే పిల్లలు పాడైపోతారు

ఇది అడిగేది తల్లిదండ్రులు, వాళ్ల మీద నాకు చిరాకు లేదు. మా కింది ఫ్లోర్‌లో ఒక ఆంటీ, కొడుకు శవసైన్యం నడిపిస్తూ సొంత తండ్రినే చంపిన రాజకుమారుడిగా ఆడుతున్నాడని తెలిసి రెండు రాత్రులు నిద్రపోలేదు. ఆ గేమ్‌కి ఉన్న రేటింగ్ టీన్, అంటే 13 ఏళ్లు దాటినవాళ్లకు. వాళ్ల అబ్బాయి ఇంటర్. పక్కన కూర్చుని "వీడు ఇలా ఎందుకు చేశాడ్రా?" అని అడగండి ఆంటీ అన్నాను. అడిగారట, వాడు గంటన్నర ఆపకుండా చెప్పాడట, ఉథర్ మాట వినాల్సిందని ఆవిడా, వినుంటే రాజ్యం పోయేదని వాడూ గొడవపడ్డారట. ఇప్పుడు ఆవిడ లిఫ్ట్‌లో కనిపిస్తే జైనా తర్వాత ఏమైందని అడుగుతున్నారు.

అపోహ: లోర్ అంతా కంఠతా రాకపోతే గేమ్ రైటర్ కాలేం

ఈ భయంతో మెసేజ్‌లు పెట్టే పిల్లలూ, కంగారు పడకండి. ఇల్లిడాన్ ఎన్ని వేల ఏళ్లు జైల్లో ఉన్నాడని నేను ఎవర్నీ అడగను. పైగా తర్వాతి గేమ్‌లూ నవలలూ వచ్చాక పాత సంగతులు చాలా మారాయి, మీరు బట్టీపట్టింది రేపు రెట్‌కాన్ అయిపోవచ్చు, అంటే రాసినవాళ్లే మార్చేయొచ్చు. ఫైలు బదులు ఒక్క మిషన్ పట్టుకురండి. వార్‌క్రాఫ్ట్ 3తో పాటే మ్యాపులూ మిషన్లూ తయారుచేసుకునే వరల్డ్ ఎడిటర్ వస్తుంది, మన నెట్ కేఫ్‌ల్లో రాత్రంతా ఆడిన డోటా గేమ్ పుట్టింది ఆ ఎడిటర్‌లోనే. అందులో ఒక చిన్న మ్యాపు, ఒక విలన్, ఒక ఆబ్జెక్టివ్, గెలుపు షరతు, ఓటమి షరతు పెట్టండి. పది నిమిషాల్లో ఆడి ముగించేలా ఉంటే చాలు. డైలాగులు తెలుగులో ఉన్నా నాకు ఇబ్బంది లేదు.