ఆస్ట్రేలియా చిన్న జంతువులు కంచెల చాటుకు ఎలా చేరాయి

బ్రిటిష్ వలస 1788లో సిడ్నీ తీరాన మొదలైన నాటి నుంచి ఆస్ట్రేలియా 30కి పైగా క్షీరద జాతులను పోగొట్టుకుంది. ఈ రెండు శతాబ్దాల పైచిలుకు కాలంలో ఇన్ని క్షీరదాలు అంతరించిన దేశం ప్రపంచంలో మరొకటి లేదు. అడవులు నరికితే జంతువులు పోవడం మనకు తెలిసిన కథే. ఇక్కడ జరిగింది వేరు. గొడ్డలీ నాగలీ ఎన్నడూ చేరని నడి ఎడారుల్లో కూడా అవి పోయాయి. ఎందుకు పోయాయో తేల్చుకోవడానికే శాస్త్రవేత్తలకు చాలా ఏళ్ళు పట్టింది.

పశ్చిమ ఆస్ట్రేలియాకు చెందిన ఆండ్రూ బర్బిడ్జ్, నార్మన్ మెకెంజీ అనే పరిశోధకులు 1989లో ఒక విషయం బయటపెట్టారు. పోయినవీ, పోబోతున్నవీ ఎక్కువగా 35 గ్రాములకూ 5.5 కిలోలకూ మధ్య బరువున్న జంతువులే. పెద్ద కంగారూలు నిలదొక్కుకున్నాయి. చిట్టెలుకంత ఉండేవి కూడా చాలావరకు తట్టుకున్నాయి. నడిమి బరువువి దెబ్బతిన్నాయి. పొడవాటి చెవులతో బొరియల్లో ఉండే బిల్బీలు, చిన్న కంగారూల్లా గెంతే బెట్టాంగ్‌లు, నేల తవ్వి పురుగులు ఏరుకునే బ్యాండికూట్‌లు, చెదపురుగులు తిని బతికే నమ్‌బ్యాట్‌లు ఈ కోవలోవే. నక్కకూ పిల్లికీ అనువైన వేట కూడా సరిగ్గా ఈ బరువుదే.

ఆ రెండూ ఆ ఖండంలో పుట్టినవి కావు. పిల్లులు మొదటి ఓడలతోనే వచ్చాయి. కుందేళ్ళ బెడద పెరిగినప్పుడు వాటిని పడతాయని కావాలనే అడవుల్లో వదిలారు కూడా. గుర్రాలెక్కి నక్కల్ని వేటాడే సరదా కోసం దొరలు ఇంగ్లండు నుంచి ఎర్ర నక్కల్ని తెప్పించుకున్నారు. 1870ల నాటికి అవి విక్టోరియాలో స్థిరపడిపోయాయి. కుందేళ్ళ కథ కూడా అంతే. థామస్ ఆస్టిన్ అనే భూస్వామి 1859లో విక్టోరియాలోని తన బార్వన్ పార్క్ ఎస్టేటుకు 24 కుందేళ్ళను తెప్పించుకుని వేట కోసం వదిలాడు. అవి గడ్డినీ మొలకల్నీ మేసేశాయి. నక్కలకూ పిల్లులకూ ఏడాది పొడవునా తిండి అయ్యాయి. కుందేళ్ళు కాస్త తగ్గినప్పుడల్లా ఆ నోళ్ళు స్థానిక జంతువుల మీద పడ్డాయి. మన గోరింకల్ని సైతం పురుగులు తింటాయని 1862లో మెల్‌బోర్న్‌లో వదిలారు. ఇప్పుడు అక్కడి పక్షులను చెట్టు తొర్రల్లోంచి వెళ్ళగొట్టే బెడదల్లో గోరింక ఒకటి.

దీనికి మరో దెబ్బ తోడైంది. వేల ఏళ్ళుగా ఎడారిలో తిరిగిన ఆదివాసీలు గడ్డిని ఎక్కడికక్కడ చిన్న చిన్న ముక్కలుగా, అదును చూసి కాల్చేవారు. కాలిన చోట లేత మొలకలు, కాలని చోట దాక్కోవడానికి పొదలు పక్కపక్కనే ఉండేవి. వాళ్ళను క్రైస్తవ మిషన్లకూ సర్కారు శిబిరాలకూ తరలించాక ఆ చిన్న మంటలు ఆగిపోయాయి. పేరుకున్న ఎండుగడ్డికి పిడుగు తగిలితే వందల చదరపు కిలోమీటర్లు ఒక్కసారే తగలబడటం మొదలైంది. దాక్కునే చోటు లేని జంతువును పిల్లి పట్టడం ఎంతసేపు? నా దృష్టిలో ఈ చరిత్రలో అతి తక్కువగా చెప్పుకున్న అధ్యాయం ఇదే. ఆ నేలను ఎరిగినవాళ్ళను అక్కడి నుంచి తీసేయడమూ, ఆ నేల జంతువులు పోవడమూ ఒకే కథలో భాగాలు.

ప్రభుత్వాలు కంచెలు వేయకపోలేదు. పశ్చిమ ఆస్ట్రేలియా 1901 నుంచి 1907 దాకా కుందేళ్ళను ఆపడానికి వేయించిన మూడు కంచెల్లో మొదటిదే 1,833 కిలోమీటర్లు. కానీ ఆ కష్టమంతా పంటల కోసం, గొర్రెల మేత కోసం. అది పూర్తయ్యేలోపే కుందేళ్ళు అవతలికి దాటేశాయి. వన్యప్రాణుల విషయంలో అప్పటి సర్కార్ల తీరు దీనికి పూర్తిగా ఎదురు. గొర్రెల్ని చంపుతోందని టాస్మేనియా ప్రభుత్వం 1888 నుంచి 1909 వరకు టాస్మేనియా పులి అని పిలిచే థైలసీన్ తలకు పౌను చొప్పున బహుమానం ఇచ్చింది. 1936 జులైలో ఆ జంతువుకు చట్టపరమైన రక్షణ కల్పించారు. అదే ఏడాది సెప్టెంబరు 7న హోబర్ట్ జంతుప్రదర్శనశాలలో ఉన్న చివరి థైలసీన్ చనిపోయింది. రక్షణ వచ్చిన 59వ రోజు అది. 1927 ఆగస్టులో క్వీన్స్‌లాండ్ ఒక్క నెల కొయాలా వేటకు అనుమతిస్తే దాదాపు 6 లక్షల కొయాలాలను బొచ్చు తోలు కోసం చంపేశారు.

ప్రధాన భూభాగంలో పోయినా కొన్ని జాతులు దీవుల్లో మిగిలాయి. పశ్చిమ ఆస్ట్రేలియా తీరంలో షార్క్ బే దగ్గరి బెర్నియర్, డోర్ దీవులకు నక్క చేరలేదు, పిల్లి నిలదొక్కుకోలేదు. ఒకప్పుడు ఖండంలో సగానికి పైగా తిరిగిన బూడీ అనే బెట్టాంగ్ ఇలాంటి దీవుల్లోనే బతికి బట్టకట్టింది. ఆ దీవుల పేరెత్తినప్పుడు మరో మాట కూడా చెప్పాలి. 1908 నుంచి 1919 వరకు ఆదివాసీలను రోగులని ముద్ర వేసి, పట్టుకొచ్చి అక్కడి ఆసుపత్రుల్లో నిర్బంధించారు. చాలామంది అక్కడే చనిపోయారు.

నక్కే హంతకి అని రుజువు చేసినవాళ్ళలో ముందు చెప్పుకోవలసింది జాక్ కినియర్‌ను. పశ్చిమ ఆస్ట్రేలియాలో గోధుమ పొలాల మధ్య గ్రానైట్ గుట్టలున్నాయి. వాటి మీద ఉండే రాతి వాలబీలు అనే చిన్న కంగారూలు ఏటికేడాది తగ్గిపోతుండేవి. కినియర్ 1980లలో కొన్ని గుట్టల చుట్టూ నక్కలకు విషపు ఎర పెట్టించి, మిగతావాటిని అలాగే వదిలేశాడు. ఎర పెట్టిన గుట్టల మీద వాలబీలు కొన్నేళ్ళలోనే రెట్టింపై ఇంకా పెరిగాయి. వాడిన విషం పేరు 1080. ఆ ప్రాంతంలో పెరిగే గ్యాస్ట్రోలోబియం మొక్కల్లో అదే విషం సహజంగా ఉంటుంది. వలసవచ్చినవాళ్ళ గొర్రెలు వాటిని మేసి చచ్చేవి. తరతరాలుగా ఆ మొక్కల మధ్యే పెరిగిన స్థానిక జంతువులకు మాత్రం తట్టుకునే శక్తి ఉంది. నక్కకు లేదు. 1996లో ఆ రాష్ట్రం ‘వెస్టర్న్ షీల్డ్’ పేరుతో ఈ పద్ధతిని లక్షల హెక్టార్లకు విస్తరించింది. వాయిలీ అనే బెట్టాంగ్ కోలుకుందని అదే ఏడాది ప్రమాదపు జాబితాలోంచి తీసేశారు. ఆ సంబరం నిలవలేదు. 2006 నాటికి వాయిలీలు దాదాపు 90 శాతం పోయాయి. జబ్బుల్ని కూడా అనుమానించారు గానీ ప్రధాన అనుమానం పిల్లుల మీదే. పిల్లికి కదిలే వేట కావాలి. బాగా ఆకలి వేస్తే తప్ప పడి ఉన్న మాంసం ముట్టదు. నక్కలు తగ్గిన చోట పిల్లులకు అడ్డు లేకుండా పోయింది.

అందుకే కంచె. ఆ దారి చూపింది జాన్ వామ్స్‌లీ అనే గణిత అధ్యాపకుడు. అడిలైడ్ కొండల్లో 1969లో ఒక పాత పాడి క్షేత్రం కొని, మొక్కలు నాటి, నక్కా పిల్లీ దూరని కంచె వేశాడు. వారావాంగ్ అని పేరు పెట్టి 1980లలో జనానికి తలుపులు తెరిచాడు. 1991లో ఒక పర్యాటక అవార్డుల సభకు పిల్లి తోలుతో కుట్టిన టోపీ పెట్టుకుని వెళ్ళాడు. దేశమంతా గగ్గోలు పుట్టింది. పిల్లుల్ని ముద్దు చేసే సమాజంలో వాటిని చంపాలన్న మాట ఎత్తడానికి అంత మొండితనం అవసరమైంది. సంరక్షణ లాభసాటి వ్యాపారం కావాలని తన కంపెనీని 2000లో స్టాక్ మార్కెట్‌లో పెట్టాడు. అది నష్టాల్లో పడింది. అభయారణ్యాలు మాత్రం వృథా కాలేదు. మార్టిన్ కాప్లీ అనే వ్యాపారి స్థాపించిన ఆస్ట్రేలియన్ వైల్డ్‌లైఫ్ కన్జర్వెన్సీ 2002లో స్కోషియా, యూకామరా వంటివి కొనుక్కుని విరాళాలతో నడిపింది.

కంచె అనగానే నాలుగు గుంజలూ ముళ్ళతీగా అనుకోకూడదు. మనిషి ఎత్తుకు కాస్త అటూ ఇటూగా సన్నకన్నుల ఇనుప జాలీ ఉంటుంది. తవ్వుకుని దూరకుండా జాలీ అడుగుభాగాన్ని నేల మీద బయటివైపు పరుస్తారు. పైభాగాన్ని బిగించరు, బయటికి వంచి వదులుగా వేలాడదీస్తారు. పిల్లి ఎగబాకి అంచు పట్టుకుంటే బరువుకు అది వంగి ఊగుతుంది, పట్టు జారి పిల్లి వెల్లకిలా కింద పడుతుంది. వానకు కోసుకుపోయినా, కంగారూ గుద్దుకుని చిరిగినా వెంటనే బాగుచేయాలి. ఒక్క పిల్లి దూరితే చాలు. క్వీన్స్‌లాండ్‌లో ఫ్రాంక్ మాంథీ, పీటర్ మెక్‌రే అనే ఇద్దరు స్నేహితులు ఊరూరా చందాలు పోగుచేసి, కురావిన్యా జాతీయ పార్కులో బిల్బీల కోసం 2001లో కంచె పూర్తిచేశారు. వరదలకు అది దెబ్బతింది. 2012లో చూస్తే లోపల పిల్లులున్నాయి, బిల్బీలు లేవు. కంచె మళ్ళీ కట్టి 2019లో బిల్బీలను తిరిగి తెచ్చారు. అంత దెబ్బ తిన్నాక కూడా మళ్ళీ మొదలుపెట్టినవాళ్ళంటే నాకు చాలా గౌరవం.

విక్టోరియాలో చారల బ్యాండికూట్‌ల పరిస్థితి మరీ దారుణం. 1980ల చివరికి ప్రధాన భూభాగంలో వాటి ఆఖరి ఉనికి హ్యామిల్టన్ ఊళ్ళోనే. అక్కడి చెత్తకుప్పలో పడేసిన పాత కార్ల తుక్కు కింద నక్కలకు చిక్కకుండా బతికేవి. వాటిని పట్టి, పిల్లల్ని పెట్టించి, కంచెల్లోకీ, నక్కల్లేని ఫిలిప్, ఫ్రెంచ్ దీవులకూ చేర్చారు. మూడు దశాబ్దాల తర్వాత, 2021లో, ‘అడవిలో అంతరించింది’ అన్న జాబితా నుంచి వాటిని తీయగలిగారు. ఆస్ట్రేలియాలో ఏ జంతువుకూ అంతకుముందు అలా జరగలేదు.

అన్నిటికంటే నన్ను కదిలించేది న్యూహేవెన్. ఆలిస్ స్ప్రింగ్స్‌కు వాయవ్యాన ఉన్న పాత పశువుల ఎస్టేటు అది. 2018లో అక్కడ 44 కిలోమీటర్ల కంచె పూర్తయింది. లోపల దాదాపు 23 వేల ఎకరాల ఇసుక నేల. చుట్టేశాక లోపల చిక్కిన పిల్లుల్ని ఏరేయాలి. ఆ పనికి ముందు నిలిచినవాళ్ళు ఆ నేల సొంతదారులైన వార్ల్‌పిరి ప్రజలు, ముఖ్యంగా మహిళలు. ఇసుకలో అడుగు చూసి అది ఏ పూట పడిందో, పిల్లి నడిచిందో పరిగెత్తిందో చెప్పగలరు. ఎండలో గంటల తరబడి జాడ వదలకుండా వెంబడించి దాన్ని అలసగొడతారు. 2019లో అక్కడికి మాలా తిరిగొచ్చింది. కుందేలంత ఉండే ఈ వాలబీకి ఎడారి ప్రజల పురాగాథల్లో పెద్ద చోటుంది. తనామి ఎడారిలో మిగిలిన చివరి మాలా గుంపుల్లో ఒకటి 1987లో నక్క పాలైంది, మరొకటి 1991లో మంటకు కాలిపోయింది. అంతకుముందే పట్టి పెంచిన కొద్దిపాటి సంతతే ఇవాళ్టి మాలాలు.

2018లో లెక్క చూస్తే ఇలాంటి కంచెలు 17, పిల్లీ నక్కా లేని ఆశ్రయ దీవులు 101. ఖండం విస్తీర్ణంలో ఇది చుక్కంత. పైగా కొత్త చిక్కులు వచ్చాయి. దక్షిణ ఆస్ట్రేలియాలో రాక్స్‌బీ డౌన్స్ దగ్గర 1997లో క్యాథరిన్ మోస్‌బీ, జాన్ రీడ్ మొదలుపెట్టిన ‘ఆరిడ్ రికవరీ’లో బూడీలు మేత చాలనంతగా పెరిగిపోయాయి. శత్రువు ముఖం చూడకుండా పెరిగిన జంతువుకు భయం తెలియదు, బయట వదిలితే పిల్లికి ఎదురెళ్ళి చస్తుంది. అందుకని అక్కడే ఒక ఆవరణలో బిల్బీల మధ్య లెక్కగా కొద్ది పిల్లుల్ని వదిలి చూశారు. బతికినవి జాగ్రత్త నేర్చాయి, తర్వాత బయట వదిలినప్పుడు మిగతావాటికంటే మెరుగ్గా నిలిచాయి. జంతువుల్ని తెలిసి తెలిసి పిల్లి నోటికి అప్పగించడం చిన్న నిర్ణయం కాదు. అయినా ఎప్పటికీ కంచెల్లోనే ఉంచడానికి ఒప్పుకోనివాళ్ళు చేయవలసిన పనే అది. జాన్ రీడ్ రూపొందించిన ఫెలిక్సర్ అనే పెట్టె కూడా అలాంటి పట్టుదల నుంచే పుట్టింది. సౌరశక్తితో నడుస్తూ, ఎదురుగా వెళ్ళే జంతువు ఆకారాన్ని సెన్సర్లతో పోల్చుకుని, పిల్లో నక్కో అయితేనే ఒంటి మీద విషపు జిగురు చిమ్ముతుంది. పిల్లి తన ఒళ్ళు తానే నాక్కుంటుంది, ఎర తినకపోయినా.

2014లో దక్షిణ ఆస్ట్రేలియాలోని ఫ్లిండర్స్ కొండల్లో పశ్చిమ క్వోల్‌ను కంచె లేకుండానే వదిలారు. అద్న్యామతన ప్రజలు ఇద్‌న్యా అని పిలిచే ఈ చుక్కల వేటాడే జంతువు అక్కడ కనబడక వందేళ్ళు దాటింది. కొన్నింటిని మొదటి నెలల్లోనే పిల్లులు చంపాయి. మిగిలినవి అక్కడే పిల్లల్ని పెట్టాయి.