ప్లస్ టూ నుంచి డిగ్రీ చరిత్రకు: గంజాం, గజపతి జిల్లాల పిల్లలకు కొన్ని అపోహలు, వాస్తవాలు

అపోహ: డిగ్రీ చరిత్ర అంటే ప్లస్ టూ పుస్తకమే, కాస్త లావుగా ఉంటుంది.

వాస్తవం: చదవాల్సింది పెరుగుతుంది, నిజమే. అసలు తేడా ప్రశ్నలో ఉంది. కళింగ యుద్ధంలో లక్షమంది చనిపోయారు, లక్షన్నర మందిని తరలించారు అని రాస్తే బళ్లో మార్కులు పడతాయి. డిగ్రీలో అడిగేది, ఆ లెక్క చెప్పిందెవరు అని. చెప్పింది గెలిచిన అశోకుడే, తన 13వ శిలాశాసనంలో, యుద్ధానికి పశ్చాత్తాపపడుతూ. ఆ శాసనం కర్నూలు జిల్లా ఎర్రగుడిలో ఉంది. మన ఋషికుల్య ఒడ్డున జౌగడలో మాత్రం లేదు, భువనేశ్వర్ దగ్గరి ధౌలిలోనూ లేదు. ఆ రెండు చోట్లా 11, 12, 13 శాసనాలు వదిలేసి, కళింగ కోసం వేరే రెండు చెక్కించారు. ప్రజలంతా నా బిడ్డలు అని అధికారులకు చెప్పేవి అవే. ఓడిన నేల మీద ఆ పశ్చాత్తాపం ఎందుకు కనిపించదు? గైడు తిరగేస్తే జవాబు దొరకదు. చాలామంది ఇక్కడే తొందరపడి “సిగ్గుపడి దాచాడు” అని తేల్చేస్తారు. రాయి మీద ఉన్నది ఒక వాక్యంలో, మన ఊహ ఇంకో వాక్యంలో రాయాలి. ఊహకు “బహుశా” తగిలించడం తప్పు కాదు, అదే పద్ధతి.

అపోహ: తేదీలతో ఇక పనిలేదు.

వాస్తవం: ఉంది. ఏది ముందు జరిగిందో తెలియకుండా కారణం చెప్పలేం.

అపోహ: ఇంగ్లీషు గట్టిగా రాకపోతే నెగ్గుకు రాలేం.

వాస్తవం: ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, డిగ్రీలో ఇంగ్లీషు పుస్తకాలు. కష్టమే. కానీ మొదటి సెమిస్టరులో ఎక్కువగా దెబ్బతీసేది చదివే తీరు. ముప్పై పేజీల అధ్యాయాన్ని డిక్షనరీ పక్కన పెట్టుకుని మొదటి వాక్యం నుంచి చదివితే ఐదో పేజీకే ఓపిక అయిపోతుంది. ముందు మొదటి రెండు పేజీలు, చివరి రెండు పేజీలు చదవండి. తర్వాత ప్రతి పేరాలో తొలి వాక్యం. అప్పుడు రచయిత వాదన ఏమిటో ఒక్క వాక్యంలో తెలుగులోనో ఒడియాలోనో రాయండి. ఆ వాక్యం కుదరకపోతే అధ్యాయం అర్థం కానట్టే, మళ్లీ చివరి పేజీలకు వెళ్లండి. పైగా 1936 ఏప్రిల్ 1 దాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది. అందుకే ఈ ప్రాంత చరిత్ర మీద పనిచేసేవాళ్లకు మూడు భాషలూ అక్కరకొస్తాయి.

అపోహ: నోట్సు ఎంత ఎక్కువైతే అంత మంచిది.

వాస్తవం: కాగితం పైన ముందు రచయిత, పుస్తకం, సంవత్సరం, పేజీ నంబరు రాయండి. పుస్తకంలోని మాటలు కొటేషన్ గుర్తుల్లో, మీ మాటలు బయట ఉండాలి. గుర్తులు పెట్టకపోతే నెల తిరిగేసరికి ఏది ఎవరిదో తెలియదు. కావాలని చేయకపోయినా అది కాపీయే.

అపోహ: చిన్న ఊళ్లో ఉండి చరిత్రలో ఏం చేయగలం?

వాస్తవం: గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూనే ముఖలింగం గుడి శాసనాలు చదివారు. ఆ శాసనాలు ఇప్పుడు దక్షిణ భారత శాసనాల అయిదో సంపుటంలో అచ్చులో దొరుకుతాయి. ఒక్కటి ఎంచుకోండి: ఎవరిచ్చారు, ఏమిచ్చారు, ఏ రాజు ఏలుబడిలో. రెండు పేజీలు రాసి మాస్టారికి చూపించండి.