ఏజెంటుకి క్వెరీ పంపేముందు: అపోహలు – వాస్తవాలు

ఇంగ్లీషులో ఫాంటసీ, సైన్స్ ఫిక్షన్, క్రైమ్, థ్రిల్లర్, రొమాన్స్ లాంటి జానర్ నవల రాసి అమెరికా, బ్రిటన్‌లోని పెద్ద పబ్లిషర్లకి చేర్చాలంటే మామూలుగా మధ్యలో ఒక సాహిత్య ఏజెంటు ఉండాలి. ఆ ఏజెంటుని ఒప్పించడానికి పంపే ఉత్తరమే క్వెరీ. నేను మొదట్లో ఒక ఏజెంటు దగ్గర, వచ్చిన క్వెరీలు చదివిపెట్టే రీడర్‌గా పనిచేశాను. ఇప్పుడు నేనూ ఏజెంటునే. రచయితలు అడిగే సందేహాల్లో సగానికి నా జవాబు ఒకటే: ఏజెంటుకి డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందో చూడండి. అది తెలిస్తే మేం ఎందుకిలా ఉంటామో అర్థమవుతుంది. ఎవరు ఏజెంటో, ఎవరు దొంగో కూడా తెలుస్తుంది.

అపోహ: పేరున్న ఏజెంట్లు నవల చదవడానికి ఫీజు తీసుకుంటారు.

వాస్తవం: తీసుకోరు. పుస్తకం అమ్ముడైతేనే మాకు డబ్బు. సొంత దేశంలో అమ్మితే 15 శాతం, విదేశీ, అనువాద హక్కులు అమ్మితే 20 శాతం కమిషన్ మామూలు. ఆ 20లో అక్కడి ఏజెంటు వాటా కూడా ఉంటుంది. 19వ శతాబ్దం చివర్లో లండన్‌లో ఈ వృత్తికి దారి వేసిన ఎ. పి. వాట్ 10 శాతం తీసుకునేవాడు. శాతం పెరిగింది గానీ పద్ధతి అదే. అమెరికాలోని ఏజెంట్ల సంఘం తన నియమావళిలో రీడింగ్ ఫీజుని నిషేధించింది కూడా. చదవడానికింత, ఎడిటింగ్‌కింత, 'రిజిస్ట్రేషన్'కింత అని అడిగారంటే వాళ్ళు బతుకుతున్నది పబ్లిషర్ల మీద కాదు, మీ మీద.

ఈమధ్య మోసాల తీరు మారింది. నిజంగా ఉన్న ఏజెంటు పేరు పెట్టుకుని, ఎవరైనా తెరుచుకోగల ఉచిత ఈమెయిల్ ఖాతా నుంచి, 'మీ నవల మా దృష్టికి వచ్చింది, ఫలానా పబ్లిషర్ ఆసక్తి చూపిస్తున్నారు' అని రాస్తారు. రెండో ఉత్తరంలో అసలు సంగతి బయటపడుతుంది, ఏదో ఒక ఖర్చు కట్టాలి. మీరు క్వెరీ పంపకుండా ఏజెంటే వెతుక్కుంటూ రావడం అసలు జరగదని కాదు, కానీ చాలా అరుదు. అలాంటి ఉత్తరం వస్తే దానికి జవాబివ్వకండి. ఆ ఏజెన్సీ వెబ్‌సైట్‌లో ఉన్న అడ్రసుకి విడిగా రాసి అడగండి. అమెరికా సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచయితల సంఘం అండతో 1998 నుంచి నడుస్తున్న 'రైటర్ బివేర్' ఇలాంటి మోసాలని ఎప్పటికప్పుడు బయటపెడుతూ ఉంటుంది. ఎవరికైనా పంపేముందు అక్కడ ఒకసారి వెతకడం మంచిది.

అపోహ: ఏజెంటు వద్దన్నాడంటే నవల బాగాలేదని అర్థం.

వాస్తవం: ఒక్కోసారి అంతే. చాలాసార్లు మాత్రం లెక్క కుదరకపోవడమే. ఉదాహరణకి ఒక తొలి నవలకి పబ్లిషర్ నుంచి 10,000 డాలర్ల అడ్వాన్స్ వచ్చిందనుకోండి. అది ఒకేసారి రాదు. సంతకం పెట్టినప్పుడు కొంత, ఫైనల్ మాన్యుస్క్రిప్ట్ ఇచ్చినప్పుడు కొంత, పుస్తకం విడుదలైనప్పుడు కొంత వస్తుంది. మూడు సమాన వాయిదాలైతే మొదటి వాయిదాలో ఏజెంటుకి దక్కేది 500 డాలర్లు. అప్పటికి మేం నవలని ఒకటికి రెండుసార్లు చదివి, రచయితతో మార్పులు చేయించి, ఎడిటర్ల జాబితా తయారుచేసి, నెలల తరబడి వాళ్ళ వెంటపడి ఉంటాం. అందుకే 'బాగుంది' అనిపించిన ప్రతి నవలనీ తీసుకోలేం. ఏ ఎడిటర్‌కి అమ్మాలో పేర్లతో సహా తట్టాలి. మంచి దెయ్యాల నవల చదివి, నచ్చి కూడా, నాకు హారర్ ఎడిటర్లతో పరిచయాలు లేక వదులుకున్న సందర్భాలున్నాయి. అది తిరస్కరణే, కాదనను. కానీ తీర్పు కాదు.

ఇందులోంచే ఏజెంట్లని ఎలా వెతకాలో కూడా తెలుస్తుంది. పేరుప్రతిష్ఠలు చూడకండి. మీ జానర్‌లో ఈ రెండు మూడేళ్ళలో ఏమేం అమ్మారో చూడండి. దానికి వెబ్‌సైట్లున్నాయి: పబ్లిషర్స్ మార్కెట్‌ప్లేస్‌లో డీల్స్ కనిపిస్తాయి, క్వెరీట్రాకర్‌లో ఎవరు ఎన్నాళ్ళకి జవాబిస్తున్నారో తెలుస్తుంది, మాన్యుస్క్రిప్ట్ విష్ లిస్ట్‌లో ఎవరికి ఏం కావాలో వాళ్ళే రాసుకుంటారు. ఇవన్నీ చూసే ఓపిక లేకపోతే మీ జానర్‌లో మీకు నచ్చిన కొత్త పుస్తకాల చివర కృతజ్ఞతల పేజీ తిప్పండి. ఏజెంటు పేరు చాలావరకు అక్కడే దొరుకుతుంది.

అపోహ: క్వెరీ లెటర్‌లో నవల ఎంత గొప్పదో చెప్పాలి.

వాస్తవం: ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే. రెండు నమూనాలు చూడండి. రెండూ ఇక్కడ చూపించడానికి నేను కల్పించినవే, కథ కూడా ఒకటే. మొదటిది:

'మరణం తర్వాత ఏముంది? మనిషి ఈ ప్రశ్న అనాదిగా అడుగుతూనే ఉన్నాడు. ప్రేమ, వియోగం, క్షమ గురించి లోతుగా చర్చించే నా నవల పాఠకుల్ని కంటతడి పెట్టిస్తుంది, కడుపుబ్బా నవ్విస్తుంది, చివరి పేజీ దాకా వదలనివ్వదు.'

రెండోది:

'చచ్చినవాళ్ళ దగ్గర బాకీలు వసూలు చేయడం ఇరా ఉద్యోగం. దెయ్యం బాకీ ఒప్పుకుని సంతకం పెడితే సరే, లేదంటే వారసుల ఇల్లు జప్తు. పన్నెండేళ్ళలో ఆమె ఒక్క సంతకం కూడా వదిలిపెట్టలేదు. ఈ నెల జాబితాలో వాళ్ళమ్మ పేరు వచ్చింది. అమ్మ బతికే ఉంది. నెలాఖరులోగా ఆ పేరు ఎవరు రాశారో ఇరా కనిపెట్టాలి. లేకపోతే జాబితాని నిజం చేసే పని ఆఫీసే చూసుకుంటుంది.'

మొదటిదాన్ని తీసుకెళ్ళి ఇంకో వెయ్యి నవలలకి అతికించవచ్చు. ఏ ఒక్కదానికీ తేడా రాదు. రెండోది ఈ ఒక్క నవలకే సరిపోతుంది. ఎవరు, ఏం చేస్తుంది, ఏం తలకిందులైంది, గడువెంత, తప్పితే ఏమవుతుంది, అన్నీ ఉన్నాయి. ఫాంటసీ అన్న మాట వాడకుండానే అది ఫాంటసీ అని తెలిసిపోతోంది. ఇరా కష్టపడే మనిషని ఎక్కడా చెప్పలేదు, ఒక్క సంతకం కూడా వదలలేదని చెప్పారు. నేను రీడర్‌గా ఉన్నప్పుడు రెండో రకం ఉత్తరం కనబడితే మిగతావి పక్కనపెట్టి, కింద జతచేసిన పేజీల్లోకి వెళ్ళిపోయేవాణ్ణి.

కథ గురించి ఈ మాత్రం రెండు మూడు పేరాలు చాలు. ఆ తర్వాత జానర్, పదాల సంఖ్య, పోలికకి రెండు ఇటీవలి పుస్తకాలు, మీ గురించి ఒకటి రెండు వాక్యాలు. మొత్తం ఉత్తరం 300 పదాలు దాటకుండా ఉంటే మేలు. ఇదివరకు ఏమీ అచ్చు కాకపోతే ఆ సంగతి ఎత్తకండి, 'ఇదే నా తొలి ప్రయత్నం, తప్పులుంటే మన్నించండి' అని అసలే రాయకండి. క్రైమ్ నవల రాసినవాళ్ళు ఫోరెన్సిక్ ల్యాబులో పనిచేస్తుంటే అది చెప్పాలి. బ్యాంకులో పనిచేస్తుంటే, కథలో బ్యాంకు దోపిడీ లేనంతవరకు, మాకు అనవసరం.

క్వెరీకీ సినాప్సిస్‌కీ, అంటే మొత్తం కథ సారాంశానికీ, తేడా చాలామంది పట్టించుకోరు. క్వెరీలో ముగింపు చెప్పరు. సినాప్సిస్‌లో చెప్పి తీరాలి, హంతకుడెవరో కూడా. సినాప్సిస్ చివర 'మిగతాది నవలలో చదవండి' అని ఊరించేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. కథని రచయిత సరిగ్గా ముగించగలడో లేడో చూడ్డానికే దాన్ని అడుగుతాం.

అపోహ: ఏ జానర్‌కీ లొంగని నవల అంటే ఏజెంట్లు ఎగబడతారు.

వాస్తవం: భయపడతారు. 'ఇందులో రొమాన్స్ ఉంది, సైన్స్ ఫిక్షన్ ఉంది, చరిత్ర ఉంది, అన్ని వయసులవాళ్ళూ చదవొచ్చు' అంటే దాన్ని షాపులో ఏ అరలో పెట్టాలో నాకు తెలియదు, ఎడిటర్‌కీ తెలియదు. నవలలో మీరు ఎన్నయినా కలపండి, ఉత్తరంలో మాత్రం ప్రధాన జానర్ ఒకటి తేల్చి చెప్పండి. పోలిక పుస్తకాలు అడిగేది కూడా ఆ అర ఏదో తెలియడానికే. అవి మూడు నాలుగేళ్ళ లోపువైతే మంచిది. యాభై ఏళ్ళ కిందటి క్లాసిక్‌తో పోల్చుకుంటే మీరు ఈమధ్య ఏమీ చదవడం లేదని అర్థం చేసుకుంటాం.

అపోహ: కథలో బలముంటే నిడివి ఎంతైనా పర్వాలేదు.

వాస్తవం: తొలి నవలకి పర్వా ఉంది. క్రైమ్, థ్రిల్లర్, రొమాన్స్ అయితే సుమారు 70 వేల నుంచి 90 వేల పదాలు, పెద్దల ఫాంటసీ, సైన్స్ ఫిక్షన్ అయితే 90 వేల నుంచి 1,20,000 దాకా మాకు అలవాటైన లెక్కలు. లావుపాటి పుస్తకానికి కాగితం ఖర్చెక్కువ, ధర ఎక్కువ, అనువాదం చేయించుకునే విదేశీ పబ్లిషర్‌కీ ఖర్చు ఎక్కువే. ఎవరికీ తెలియని రచయిత మీద ఆ డబ్బు పెట్టడానికి వెనకాడతారు. 2,10,000 పదాల ఫాంటసీ పంపిన ఒక రచయితకి తగ్గించమని జవాబు రాశాను. నెల తిరక్కుండా సరిగ్గా సగానికి కోసి, మొదటి సగాన్ని 'సిరీస్‌లో మొదటి భాగం' అని పంపాడు. యుద్ధానికి బయల్దేరిన సైన్యం నది దాటుతుండగా పుస్తకం అయిపోయింది. తప్పు కొంత నాదే, ఏం తగ్గించాలో చెప్పకుండా తగ్గించమన్నాను.

సిరీస్ సంగతీ ఇదే. మొదటి పుస్తకం తనంత తానుగా ముగియాలి, కొనసాగించే వీలుంటే ఆ మాట ఒక్క వాక్యంలో చెప్పాలి. మొదటిది అమ్ముడుకాక ముందే నాలుగు భాగాలు రాసుకుని కూర్చుంటే, ఆ మొదటిది ఎవరూ కొనకపోతే నాలుగూ మూలనపడతాయి.

అపోహ: పంపితే కథ కాజేస్తారు, ముందు కాపీరైట్ రిజిస్టర్ చేయించాలి.

వాస్తవం: కాపీరైట్ గురించిన అంతర్జాతీయ ఒప్పందమైన బెర్న్ ఒప్పందంలో ఉన్న దేశాల్లో రాసిన క్షణం నుంచే కాపీరైట్ మీది. ఉత్తరంలో కాపీరైట్ గుర్తులు, హెచ్చరికలు పెడితే మాకు కనబడేది రచయిత టెన్షన్ మాత్రమే. ఇక ఐడియాలంటారా, అవి క్వెరీల్లో కుప్పలుగా వస్తాయి. వాటిని నవలగా రాయగలవాళ్ళే కరువు.

అపోహ: ఒకరికి పంపి, వాళ్ళ జవాబు వచ్చాకే ఇంకొకరికి పంపడం మర్యాద.

వాస్తవం: అలా అయితే ఏళ్ళు పడుతుంది. మీరు ఒకేసారి చాలామందికి పంపుతారని మాకు తెలుసు. ఎక్కువమంది రచయితలు ఆరేడుగురికో పదిమందికో ఒక విడత పంపి ఆగుతారు, ఫలితం చూసి సరిచేసుకుని మళ్ళీ పంపుతారు. ఎవరూ నవల అడగకపోతే లోపం ఉత్తరంలోనో మొదటి పేజీల్లోనో ఉన్నట్టు. పూర్తి నవల అడిగి చదివి వద్దంటుంటే, ఉత్తరాన్ని కదపకండి, నవల చూసుకోండి. ఒకే ఏజెన్సీలో ఇద్దరికి మాత్రం ఒకేసారి పంపొద్దు. ప్రతి ఏజెన్సీ నియమాలు వేరు. అమెరికాలో ఉత్తరంతో పాటు మొదటి ఐదో పదో పేజీలు అడగడం ఎక్కువ, బ్రిటన్‌లో సినాప్సిస్, మొదటి మూడు అధ్యాయాలు అడుగుతారు. కొందరు అసలు జవాబే ఇవ్వరు, గడువు దాటితే 'వద్దు' అని అర్థం చేసుకోమని ముందే రాసిపెడతారు. అది రచయితకి కష్టంగా ఉంటుందని తెలుసు, నేనైతే ఒక వాక్యమైనా రాయాలనే అనుకుంటాను, అన్నిసార్లూ కుదరదు.

ఒక్క మాట: నవల పూర్తికాకుండా క్వెరీ పంపొద్దు. సోమవారం పంపిన క్వెరీకి మంగళవారం 'పూర్తి నవల పంపండి' అని వస్తే ఏం పంపుతారు?

అపోహ: ఏజెంటు లేకపోతే తలుపులన్నీ మూసుకున్నట్టే.

వాస్తవం: జానర్ రచయితలకి అంత ఇబ్బంది లేదు. సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ వేసే బేన్ ఏజెంటు లేని నవలలూ చూస్తుంది. రొమాన్స్‌లో హార్లెక్విన్ తన చాలా లైన్లకి, అంటే ఒకే తరహా నవలల వరుసలకి, నేరుగా తీసుకుంటుంది. కథల పత్రికలకి ఏజెంటు అక్కరే లేదు. అలా నేరుగా పబ్లిషర్ నుంచి ఆఫర్ తెచ్చుకుని, కాంట్రాక్టు మీద సంతకం పెట్టకముందే ఏజెంటుని వెతుక్కునేవాళ్ళున్నారు, మంచి పద్ధతే. మా అసలు పని కనబడేది కాంట్రాక్టులోనే: ఆడియో, అనువాద, సినిమా హక్కులు ఎవరి దగ్గర ఉండాలి, పుస్తకం అమ్మకాలు ఆగిపోతే హక్కులు ఎప్పుడు వెనక్కి రావాలి లాంటివి.

అపోహ: ఏజెంటు నుంచి ఆఫర్ వచ్చిందంటే వెంటనే సరే అనేయాలి, ఆలోచిస్తే జారిపోతుంది.

వాస్తవం: రెండు వారాలు గడువు అడగడం ఆనవాయితీ. ఆ లోపు మిగతా ఏజెంట్లకి 'నాకు ఆఫర్ వచ్చింది, ఫలానా తేదీలోగా చెప్పండి' అని రాయండి. నెలల తరబడి ఉలుకూపలుకూ లేనివాళ్ళు అప్పుడు రాత్రికి రాత్రి చదువుతారు. నేనూ చదివాను. గడువిమ్మంటే ఆఫర్ వెనక్కి తీసుకునే ఏజెంటు పోయినా నష్టం లేదు.

ఆ రెండు వారాల్లో ఏజెంటుతో మాట్లాడేటప్పుడు నవలలో ఏం మార్చాలంటారు, ఎవరెవరికి పంపుతారు, విడిపోవాల్సి వస్తే ఎన్ని రోజుల నోటీసు ఇవ్వాలి, ఇవన్నీ అడగండి. ఈ నవల ఎవరూ కొనకపోతే తర్వాతిదానికి కూడా మీరే ఉంటారా అని కూడా అడగండి. ఇంకొకటి ఎవరూ అడగరు: నవల ఏ ఎడిటర్లకి వెళ్ళిందో, ఎవరేమన్నారో ఆ జాబితా మీకు ఎప్పటికప్పుడు పంపుతారా అని. ఒక ఎడిటర్ వద్దన్న నవలని ఇంకో ఏజెంటు మళ్ళీ అదే ఎడిటర్‌కి పంపలేడు. ఏజెంటు మారాల్సి వచ్చిన రోజు ఆ జాబితా మీ దగ్గర ఉండాలి, కొత్త ఏజెంటు మొదటి ఫోన్‌లోనే అడిగేది అదే.