లారీ కిలోమీటరు ఖర్చు: నూరేళ్లుగా తెగని లెక్క

కరెంటు లారీ డీజిల్ లారీ కంటే పాతది. 1910లలోనే అమెరికా నగరాల్లో సరుకు చేరవేసే బ్యాటరీ బళ్లు తిరిగాయి. హార్ట్‌ఫర్డ్‌లో కరెంటు సరఫరా చేసే కంపెనీ 1912లో ఒక పథకం పెట్టింది. బ్యాటరీ లేకుండా బండి మాత్రమే కొనుక్కోవచ్చు. బ్యాటరీలో కరెంటు అయిపోతే నిండు బ్యాటరీ వేసి పంపుతారు, తిరిగిన మైళ్లను బట్టి డబ్బు కట్టాలి. బండి ఖరీదు వేరు, నడిపే ఖర్చు వేరు అని విడదీసిన ఆ పద్ధతి 1924 దాకా నడిచింది. ఇప్పుడు బ్యాటరీ స్వాపింగ్ పేరుతో కొత్తగా చెబుతున్నది దాదాపు అదే.

పెట్రోలు బళ్లు ఆ బ్యాటరీ బళ్లను పక్కకి నెట్టాయి. దూరప్రయాణాలకొచ్చేసరికి డీజిల్ అన్నిటినీ దాటేసింది. రుడాల్ఫ్ డీజిల్ 1897లో నడిపి చూపిన ఇంజిన్ ఇంధనంలోని శక్తిలో దాదాపు 26 శాతాన్ని పనిగా మార్చింది. అప్పటి మామూలు ఆవిరి ఇంజిన్లు దాని దరిదాపుల్లో కూడా లేవు. 1920లలో జర్మన్ కంపెనీలు ఆ ఇంజిన్‌ను లారీలకు ఎక్కించాయి. దాని బలమంతా మైలేజీలోనే ఉంది. దానికి తోడు చాలా దేశాలు డీజిల్‌పై పెట్రోలు కంటే తక్కువ పన్ను వేశాయి.

పొగ ఖర్చు మాత్రం చాలాకాలం ఎవరి ఖాతాలోనూ పడలేదు. 1992లో యూరప్‌లో బండి పొగకు హద్దులు పెట్టే యూరో 1 ప్రమాణాలు మొదలయ్యాయి. 2012లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని తేల్చింది. యూరో 6 నాటికి కొత్త లారీ అంటే మసి పట్టే ఫిల్టరు, పొగలోని విషవాయువులను తగ్గించే యూరియా ద్రావణం కోసం మరో ట్యాంకు తప్పనిసరైపోయాయి. ఆ ద్రావణం అయిపోతే కంప్యూటరే ఇంజిన్ బలం తగ్గించి, చివరికి బండిని పాకే వేగానికి దించేస్తుంది. 2021 చివర్లో చైనా యూరియా ఎగుమతులు బిగించగానే దక్షిణ కొరియాలో లారీలు ఆగిపోతాయేమోనని గగ్గోలు పుట్టింది. డీజిల్ కొరత లేదు, బంకులు తెరిచే ఉన్నాయి, అయినా టెన్షనే. డీజిల్ లారీ ఖర్చంటే డీజిల్ ధర ఒక్కటే అనే రోజులు అప్పటికే పోయాయి.

ప్రత్యామ్నాయాల్లో ముందు ఆశ పెట్టింది గ్యాస్. ద్రవరూప సహజవాయువును మైనస్ 162 డిగ్రీల దగ్గర ఉంచాలి. లారీని రోజుల తరబడి ఆపేస్తే ట్యాంకులో గ్యాస్ కొంత ఆవిరై పోతుంది. అయినా చవకగా దొరికినన్నాళ్లు గిట్టుబాటైంది. 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో యూరప్‌లో గ్యాస్ ధర ఆకాశానికంటింది. దాన్ని నమ్ముకుని లారీలు కొన్నవాళ్లు వాటిని షెడ్లలో నిలబెట్టుకోవాల్సి వచ్చింది.

ఇక ఇప్పటి పోటీ బ్యాటరీకీ హైడ్రోజన్‌కీ మధ్య. దూరం వెళ్లే 40 టన్నుల లారీ 100 కిలోమీటర్లకు సుమారు 32 లీటర్ల డీజిల్ తాగుతుందనుకుందాం. అదే పనికి బ్యాటరీ లారీకి చార్జింగ్‌లో వృథా అయ్యేది కలుపుకుని 130 యూనిట్ల దాకా కావాలి. హైడ్రోజన్ లారీకైతే సుమారు 8 కిలోలు. లీటరు డీజిల్ డబ్బుకు నాలుగు యూనిట్ల కంటే ఎక్కువ కరెంటు దొరికే చోట ఇంధన ఖర్చులో బ్యాటరీదే పైచేయి. హైడ్రోజన్ నెగ్గాలంటే కిలో ధర నాలుగు లీటర్ల డీజిల్ ధరకు లోపే ఉండాలి. నీటి నుంచి కిలో హైడ్రోజన్ తీయడానికే 50 యూనిట్లకు పైగా కరెంటు పోతుంది. ఆ కరెంటునే నేరుగా బ్యాటరీకి ఎక్కిస్తే బండి మూడు రెట్ల దూరం వెళ్తుంది. హైడ్రోజన్ లారీల ప్రకటనల్లో ఈ మాట పెద్దగా వినపడదు.

మరి 2020లో స్విట్జర్లాండ్‌లో హ్యుందాయ్ హైడ్రోజన్ లారీలు ఎలా రోడ్డెక్కాయి? అక్కడ 2001 నుంచి భారీ వాహనాలకు బరువు, దూరం, పొగ లెక్కన రోడ్డు రుసుము ఉంది. ఈ లారీలకు అది మినహాయించారు. కిలోమీటరు లెక్కను మార్చింది ఇంజిన్ కంటే ఆ మినహాయింపే. జర్మనీ కూడా 2023 డిసెంబరు నుంచి లారీల టోల్‌లో టన్ను కార్బన్ డయాక్సైడ్‌కు 200 యూరోల చొప్పున కలిపింది. యూరప్‌లో నాలుగున్నర గంటలు నడిపాక డ్రైవరు 45 నిమిషాలు ఆగాలన్న పాత నిబంధన కూడా బ్యాటరీకి కలిసొచ్చింది. ఎలాగూ ఆగాలి కాబట్టి అప్పుడే చార్జింగ్ పెట్టుకోవచ్చు.

బ్యాటరీ లారీ యజమానులకు నొప్పి ఇంకోచోట ఉంది. పది లారీలను ఒకేసారి చార్జింగ్‌కు పెడితే యూనిట్ల బిల్లు ఒకటి, ఆ గరిష్ఠ లోడుకు డిమాండ్ చార్జీ ఒకటి. లారీలు తక్కువ తిరిగిన నెలలో కూడా ఆ రెండోది పెద్దగా తగ్గదు. అందుకే ఒకే మోడల్ లారీ నడిపే ఇద్దరు యజమానుల కిలోమీటరు ఖర్చు ఒకేలా ఉండదు. రాత్రంతా వంతులవారీగా చార్జింగ్ పెట్టేవాడికి గిట్టుబాటవుతుంది, సాయంత్రం అన్నిటికీ ఒకేసారి ప్లగ్గు పెట్టేవాడికి అవ్వదు.