ఎర్రబడ్డాయంటే ఇక పోతాయి

సంక్రాంతి సెలవుల్లో కొల్లేరు చూడ్డానికి వస్తామని ఏటా ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. రండి, కానీ వీలైతే శివరాత్రి దాటాక రండి అంటాను. అప్పటికి పక్షులుంటాయా అని వాళ్ళ అనుమానం. ఉంటాయి. కాకపోతే ప్రయాణపు హడావిడిలో ఉంటాయి. నా మటుకు నాకు చూడాల్సింది ఆ హడావిడే.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. ఆ చలి వెనకాలే మూటాముల్లె సర్దుకునేవి మన చెరువుల మీద వేలల్లో ఉంటాయి. ఐరోపావాళ్ళకు వసంతమంటే పక్షుల రాక. మనకు పోక. అక్టోబరు, నవంబరుల్లో దిగిన బాతులు, బురదలో మేసే ఉల్లంకి పిట్టలు ఫిబ్రవరి సగం నుంచి ఏప్రిల్ దాకా విడతలు విడతలుగా లేచిపోతాయి. వచ్చినప్పుడు పేపర్లో ఫొటో పడుతుంది. పోయినప్పుడు ఎవరికీ తెలియదు. ఒక పొద్దున చూస్తే నీళ్ళు ఖాళీగా ఉంటాయి, అంతే.

ఆ పోకను ముందే పసిగట్టడం నాకు నేర్పింది పుస్తకాలు కావు, కొల్లేటి అంచున ఒక చేపల చెరువు కాపలాదారు. చేపలు పట్టేశాక మళ్ళీ పిల్లను వదిలేలోగా చెరువును కొన్నాళ్ళు ఎండగడతారు. నీళ్ళు తూము దారి పట్టాక అడుగున మిగిలే పలచటి బురద ఉల్లంకులకు పెళ్ళిభోజనం. నత్తగుల్లలు, పురుగులు, చిన్న చిన్న ఎరలు అన్నీ అందుబాటులోకి వస్తాయి. మార్చి మొదట్లో అలాంటి చెరువు గట్టు పక్కన కూర్చుని బైనాక్యులర్ సర్దుకుంటుంటే ఆయనే వచ్చి పలకరించాడు.

"ఏం చూస్తన్నారండీ?"

"ఆ పొడుగు ముక్కు పిట్టల్ని, బాబాయ్."

"ఉల్లంకులండీ అవి. ఎర్రబడ్డాయి చూశారా? ఎర్రబడ్డాయంటే ఇక పోతాయి. మామిడి పిందె పడేసరికి ఒక్కటుండదు."

ఆయన చూపించినవి నల్లతోక గాడ్‌విట్లు. చలికాలమంతా బూడిదరంగులో, బురదలో కలిసిపోయి ఉంటాయి. ఆ రోజు గుంపులో ఏ రెండూ ఒక్కలా లేవు. ఒకదానికి మెడ మాత్రమే ఇటుకరంగు తిరిగింది. పక్కదానికి రొమ్ము దాకా ఎరుపు దిగి, పొట్ట మీద నల్ల అడ్డచారలు మొదలయ్యాయి. ఇంకొకటి సగం పాత చొక్కా, సగం కొత్త చొక్కా వేసుకున్నట్టు మచ్చలు మచ్చలుగా ఉంది. అవి ఈకలకు రంగు వేసుకోవడం లేదు. పాత ఈక రాలి, దాని కింది నుంచి కొత్త ఈక పుట్టుకొస్తుంది. రెక్కల్లో ఎగరడానికి పనికొచ్చే పెద్ద ఈకల్ని ఇప్పుడు ముట్టుకోవు, ఒంటిమీది చిన్న ఈకలే మారతాయి. సైబీరియా, మధ్య ఆసియా గడ్డిమైదానాల్లో దిగిన వెంటనే జత వెతుక్కోవాలి, అక్కడ వేసవి చాలా కురచ. అందుకే పెళ్ళిబట్టలు ఇక్కడే కట్టుకుని బయల్దేరతాయి.

ఈ రంగు మార్పు కొత్తగా పక్షులు చూసేవాళ్ళకు పెద్ద వరం. డిసెంబరులో ఉల్లంకుల్ని గుర్తుపట్టడమంటే పాతిక బూడిదరంగు పిట్టల్లో తేడాలు వెతకడం, విసుగొస్తుంది. మార్చిలో ఒక్కొక్కటీ ముసుగు తీస్తుంది. కాటుకపిట్టల్లో పచ్చ రకానివి పసుపుముద్దలవుతాయి. ఏప్రిల్‌కు గోల్డెన్ ప్లోవర్ అనే పిట్ట పొట్ట నల్లగా మాడుతుంది. మగ గార్గనీ బాతు కంటి మీద తెల్లటి అర్ధచంద్రం అర కిలోమీటరు నుంచి కూడా కనిపిస్తుంది.

రంగు తర్వాత చూడాల్సింది పొట్ట. పక్కనుంచి చూస్తే జనవరిలో కాళ్ళ వెనక సన్నగా ఉన్న పిట్ట, మార్చి చివరికి తోక కింద ఉబ్బి, కాస్త బరువుగా నడుస్తుంది. అది దారిబత్తెం. గ్రాము కొవ్వు 9 కిలోకేలరీల శక్తినిస్తే, గ్రాము పిండిపదార్థం 4 మాత్రమే ఇస్తుంది. పైగా పిండిపదార్థాన్ని ఒంట్లో దాచాలంటే దానితోపాటు నీటినీ మోయాలి. ఆకాశంలో ఎగిరేవాడికి ఆ లెక్క గిట్టుబాటు కాదు. దూరప్రయాణం చేసే ఉల్లంకుల్లో కొన్ని రకాలు బయల్దేరే ముందు తమ బరువును దాదాపు రెట్టింపు చేసుకుంటాయి. కడుపునిండా తిని కొవ్వు పెంచాక, ఇంకా విచిత్రమైన పని చేస్తాయి. దారిలో అక్కరలేదని జీర్ణాశయం, పేగులు, కాలేయం లాంటి వాటిని కుదించుకుంటాయి. దిగాక మళ్ళీ పెంచుకుంటాయి. ప్రయాణానికి ముందు వంటిల్లు విప్పి, వెళ్ళిన ఊళ్ళో మళ్ళీ కట్టుకున్నట్టు.

లిటిల్ స్టింట్ అని పిచ్చుకంత పిట్ట ఒకటుంది. బురదలో కుట్టుమిషన్ సూదిలా ముక్కు ఆడిస్తూ పరుగెడుతుంది. బరువు 30 గ్రాములకు అటూఇటూ, అంటే కోడిగుడ్డులో సగం. అది గుడ్లు పెట్టేది సైబీరియా ఉత్తరపు అంచున, ఆర్కిటిక్ సముద్రం దగ్గర. కొల్లేటి నుంచి 6,000 కిలోమీటర్ల పైమాటే.

మరి బయల్దేరే వేళ అయిందని వాటికి ఎవరు చెప్తారు? ఎండలు ముదిరాయి కాబట్టి పోతాయని మనం సులువుగా అనేస్తాం. ఎండ, ఎండిపోయే నీళ్ళు ఆ తారీకును కాస్త ముందుకో వెనక్కో జరుపుతాయి, నిజమే. కానీ అసలు గడియారం పగటి పొడవు. కెనడాలోని ఆల్బర్టాలో విలియం రోవన్ అనే జీవశాస్త్రవేత్త 1924లో ఒక పని మొదలుపెట్టాడు. జంకో అనే వలస పిట్టల్ని ఆరుబయట పంజరాల్లో ఉంచి, గడ్డకట్టే చలికాలంలో రోజూ కాసేపు ఎక్కువగా విద్యుద్దీపాలు వెలిగించాడు. చలి అలాగే ఉంది, వెలుగు మాత్రం పెరిగింది. నడిచలికాలంలో ఆ మగ పిట్టల వృషణాలు వసంతంలో పెరిగినట్టు పెరిగాయి. మన దేశంలో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో వినోద్ కుమార్ బృందం బంటింగ్ అనే వలస పిట్టల మీద ఏళ్ళ తరబడి పరిశోధించింది. పగటి వెలుతురు పెంచితే పంజరంలోని పిట్ట కొవ్వు పట్టి, రాత్రిపూట నిద్రపోకుండా గెంతుతూ, రెక్కలు తపతపలాడిస్తుంది. ఎగరడానికి ఆకాశం లేకపోయినా లోపలి గడియారం ఊరుకోదు.

ఇక్కడో చిక్కుంది. కెనడాలో పగటి పొడవు చలికాలానికీ ఎండాకాలానికీ విపరీతంగా మారుతుంది. మన దగ్గర అంత తేడా ఎక్కడిది? కొల్లేటి దగ్గర డిసెంబరు మూడో వారంలో పగలు సుమారు 11 గంటల 8 నిమిషాలు ఉంటే, మార్చి 20 నాటికి 12 గంటలు దాటుతుంది. మూడు నెలల్లో ఒక గంట. మనమైతే కరెంటు బిల్లులో కూడా గమనించం. ఈ కాస్త తేడాతోపాటు ఒంట్లోనే ఏడాదికోసారి తిరిగే సొంత చక్రం ఒకటుంటుందని, వెలుగు ఆ చక్రాన్ని సరిదిద్దుతుందని శాస్త్రవేత్తలు చెబుతారు.

పంజరంలో కనిపించే ఆ కుదురులేనితనం బయట కూడా కనిపిస్తుంది, సాయంత్రాలు ఓపిక పడితే. సూదితోక బాతులు మిగతా బాతులకంటే ముందే పోతాయి. ఫిబ్రవరి చివర్లో ఒకరోజు పొద్దు గుంకాక గట్టు దిగుతుంటే, నీటి మధ్య గుంపులో మాటలు మొదలైనట్టు సన్నటి ఈలలు వినిపించాయి. తలలు పైకీ కిందికీ ఆడిస్తున్నాయి. ఒక పాతిక లేచి, చెరువు చుట్టూ తిరిగి, మళ్ళీ దిగాయి. రెండోసారి యాభై దాకా లేచాయి. మూడోసారి లేచినవి తిరుగుతూ పైకి, ఇంకా పైకి పోయి, ఉత్తరంగా ఒక గీతలా సాగి చీకట్లో కలిసిపోయాయి. దిగలేదు. మర్నాడు లెక్కపెడితే గుంపు సగమైంది. వలస పిట్టల్లో చాలావరకు రాత్రే ఎగురుతాయి. గాలి చల్లగా, నిలకడగా ఉంటుంది. డేగల భయం తక్కువ. నక్షత్రాలు దారి చూపుతాయి. పగలంతా దిగి మేత మేయొచ్చు.

బాతులు లేచే తీరును కూడా గమనించండి. సూదితోక, గార్గనీ, గరిటెమూతి బాతు లాంటివి నీటి మీంచి నిలువునా ఎగురుతాయి. మునిగి మేసే పొచార్డ్ బాతులు, నుదుట తెల్లబొట్టున్న బొల్లికోళ్ళు నీటి మీద చప్పుడు చేస్తూ పరుగు తీస్తేగానీ లేవలేవు. దూరం నుంచి రంగు తెలియనప్పుడు ఈ గుర్తే ఆదుకుంటుంది.

మంజీర మీద కనిపించే చారలతల బాతు సంగతి వేరే. తెల్లటి తల వెనక రెండు నల్ల అడ్డపట్టీలు, పరిమాణంలో మన పెంపుడు బాతు కంటే పెద్దది. హంసలు మానస సరోవరానికి పోతాయని కావ్యాల్లో చదువుకున్నాం. ఆ హంసల్లో ఒకటి ఇదే అయి ఉంటుందని పక్షిశాస్త్రం తెలిసిన పండితులు చాలామంది అంటారు. నాకూ అదే నమ్మకం, ఎందుకంటే ఇది నిజంగానే టిబెట్, మంగోలియా సరస్సుల దగ్గర పిల్లల్ని చేస్తుంది. దారిలో హిమాలయం అడ్డం. ఉపగ్రహ పరికరాలు కట్టి చూస్తే, అత్యధికంగా 7,290 మీటర్ల ఎత్తున నమోదైంది. అక్కడ గాలి సాంద్రత సముద్రమట్టంతో పోలిస్తే సగానికి తక్కువ. దాని నెత్తురులోని హిమోగ్లోబిన్ ప్రాణవాయువును మామూలు బాతులకంటే గట్టిగా పట్టుకుంటుంది. అంతకన్నా నన్ను ఆశ్చర్యపరిచింది 2015లో బయటపడిన సంగతి. అది ఒకేసారి పైకెక్కి తిన్నగా పోదు. కొండ ఎక్కితే ఎక్కుతుంది, లోయ వస్తే దిగుతుంది, మళ్ళీ ఎక్కుతుంది. పలచటి గాలిలో రెక్కలాడించడం అంత ఖరీదైన పని, అందుకే ఎక్కిన ఎత్తును పోగొట్టుకున్నా దానికి అదే లాభం.

గోదావరి ఇసుక తిప్పల మీద చక్రవాకాలుంటాయి, బాపనబాతు అనేది వీటినే. నారింజరంగు ఒళ్ళు, లేత తల. రాత్రయితే ఆలూమగలు చెరో ఒడ్డునా విడిపోయి ఒకరినొకరు పిలుచుకుంటారని కవులు కన్నీళ్ళు పెట్టుకున్నారు. చలికాలపు రాత్రి నది మీద ఆ "ఆంగ్, ఆంగ్" పిలుపు అటునుంచి ఇటు, ఇటునుంచి అటు వినిపిస్తే కవుల్ని తప్పుపట్టబుద్ధి కాదు. చీకట్లో మేతకు చెదిరిన జంట గొంతుతో ఆచూకీ తెలుసుకోవడం అది. వసంతం దగ్గరపడ్డాక మగదాని మెడ చుట్టూ సన్నటి నల్లపట్టీ తేలుతుంది. మనకు నల్లపూసలు ఆడవాళ్ళకైతే, వీళ్ళలో మగాడికి! జంటలు జంటలుగానే లదాఖ్, టిబెట్ వైపు పోతాయి.

ఆ తిప్పల మీద నడిచేవాళ్ళకు మాత్రం ఒక్క మనవి. అవి పోయే వేళకే ఇక్కడి రివర్ టెర్న్‌లు, చిన్న ప్రటింకోల్‌లు అనే పిట్టలు ఉత్త ఇసుకలో గుడ్లు పెడతాయి. గుడ్డు అచ్చం ఇసుకరంగులో ఉంటుంది. తల మీద పిట్టలు అరుస్తూ తిరుగుతున్నాయంటే మీరు గూటి దగ్గరున్నారని అర్థం. వచ్చిన అడుగుల్లోనే వెనక్కి వెళ్ళండి.

ఇక నాకు ఒళ్ళు మండే విషయం. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో గూళ్ళు కట్టే గూడబాతుల్నీ, పెయింటెడ్ స్టార్క్ కొంగల్నీ ఏటా "సైబీరియా నుంచి వచ్చిన అతిథులు" అని రాస్తారు, టీవీల్లో చెప్తారు. అవి సైబీరియా మొహం చూడలేదు. దక్షిణ ఆసియాలోనే పుట్టి, ఇక్కడే ఊరూరూ తిరిగే పక్షులు. చెట్టు మీద గూడు కట్టి పిల్లల్ని చేస్తున్నదంటేనే ఇది దాని పుట్టిల్లని తెలియాలి. చలికాలపు వలస పక్షి మన దగ్గర గుడ్డు పెట్టదు. నిజమైన సైబీరియా కొంగ రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌కు వచ్చేది, 2002 తర్వాత అదీ కనబడలేదు. లోకల్ పక్షి అంటే మర్యాద తగ్గుతుందేమోనని మనవాళ్ళ భయం కాబోలు.

చూడ్డానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. ఎనిమిది రెట్లు దగ్గరగా చూపే 8x42 బైనాక్యులర్ చాలు. పొద్దున్నే, సూర్యుడు మన వీపు వెనక ఉండేలా చూసుకోవాలి, లేకపోతే ఎరుపైనా నలుపైనా ఒకటే నీడ. గట్టు మీద నిలబడితే ఆకాశం ముందు మనిషి బొమ్మలా కనిపిస్తాం, గట్టు వాలున కూర్చుంటే అరగంటలో మరిచిపోతాయి. మార్ష్ హారియర్ గద్ద నీటి మీదుగా తక్కువ ఎత్తులో వస్తే కంగారు పడకండి, గుంపంతా ఒక్కసారి లేస్తుంది, దాక్కున్నవన్నీ బయటపడతాయి. చెరువు ఎవరిదో కనుక్కుని అడిగి వెళ్ళడం మంచిది. పిట్టలు చేపపిల్లను తింటాయని వాళ్ళ గోల వాళ్ళది.

రాసుకునేటప్పుడు పిట్ట తొలిసారి కనిపించిన తారీకుతో ఆపకండి. ఆసియా నీటిపక్షుల లెక్కింపు 1987 నుంచీ జరుగుతోంది, అది జనవరిలో. పోక ఆ లెక్కకు అందదు. ఫలానా బాతును చివరిసారి చూసింది ఎప్పుడన్నది ఆ రోజున మనకూ తెలియదు, తర్వాత వారం రెండుసార్లు వెళ్ళి లేదని చూసొస్తేగానీ తేలదు. అందుకే మార్చి, ఏప్రిల్‌లలో లేని రోజులు కూడా నా పుస్తకంలో ఉంటాయి. "సూదితోక: 0" అని.

ఆ కాపలాదారు మాట ఒక్కచోటే తప్పింది. మే నెలలో, రోళ్ళు పగిలే ఎండలో, కొల్లేటి నీటిని సముద్రానికి చేర్చే ఉప్పుటేరు బురదలో ఏడు గాడ్‌విట్లు కనిపించాయి. ఒక్కటీ ఎర్రబడలేదు. నిరుడు పుట్టిన పిల్లలవి. తొలి ఏడాది జతకట్టే వయసు రాదు, అంత దూరం పోయి చేసేదీ లేదు, అందుకే వీటిలో చాలా ఇక్కడే ఎండాకాలం గడిపేస్తాయి. ఫోన్ చేసి చెప్తే బాబాయ్ నవ్వాడు. "ఎర్రబడితే పోతాయన్నానండీ. ఎర్రబడందే ఎట్టా పోతాయి?"